మహారాజరాజశ్రీ ‘చర్చ పెట్టించండి’ గారికి

కేరాఫ్: షానద్ ఏరన్ (ఐర్లండ్ పార్లమెంటు ఎగువ సభ, అంటే సెనేట్), లెన్‌స్టర్ హౌస్, కిల్డేర్ స్ట్రీట్, డబ్లిన్ 2

అయ్యా,

తమరు కులాసాగానే ఉన్నారని రికార్డు చూస్తేనే తెలుస్తోంది. మొన్న ఒక సెనేటర్ గారి సభా ప్రసంగాల పేజీ (పేరెందుకు, ఎవరిది తీసినా ఇదే వరస) పై నుంచి కింది దాకా చదివేసరికి ఒక మధ్యాహ్నం పూర్తిగా తమరి దర్శనంతోనే గడిచిపోయింది. స్కూలు బస్సు దగ్గర తమరు. ఆసుపత్రి క్యూ దగ్గర తమరు. మూతపడబోతున్న పోస్టాఫీసు దగ్గర తమరు. “దీనిపై మంత్రిగారిని సభకు పిలిపించి చర్చ పెట్టించమని లీడర్‌ని కోరుతున్నాను.” తమరంటే ఆ మాటే. లీడరంటే సభలో ప్రభుత్వ పక్షం నాయకుడు. అలా కోరిన ప్రతిసారీ ఆ సభ్యుడి ఖాతాలో ఒక ‘కంట్రిబ్యూషన్’, సభలో మాట్లాడినట్టు ఒక పద్దు. పెళ్లిలో చదివింపులు రాసేవాడైనా నోటు చేతిలో పడ్డాకే పేరు రాస్తాడు కదండీ!

తమరు కాపురం ఉండేది ఆర్డర్ ఆఫ్ బిజినెస్ అనే ఇంట్లో, అంటే ఆ రోజు సభ పనుల జాబితా ఖరారు చేసే వేళలో. లీడర్ లేచి ఇవాళ నంబర్ 1 ఇది, నంబర్ 2 అది, ఫలానాది ఇన్నింటికి మొదలు, ఇన్నింటికి ఆఖరు అని చదువుతారు. ఆ తర్వాత సభ్యులు అడగాల్సింది ఆ జాబితా గురించే: ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎంతసేపు. జాబితా సంగతి ఎవరికీ పట్టదు. తలా రెండు నిమిషాలు చేతికొస్తాయి, అందులోకి జిల్లా అంతా వచ్చి కూర్చుంటుంది.

ఆ రెండు నిమిషాల్లో ఏముంటుందో తమరికి చెప్పాలా! ముందు ఐరిష్‌లో రెండు ముక్కలు, అధ్యక్ష స్థానంలో ఉన్న కహీర్లఖ్ గారికి కృతజ్ఞతగా. తర్వాత గ్యాలరీలో కూర్చున్న బడిపిల్లలకి స్వాగతం, వాళ్లతో వచ్చిన టీచర్లకి విడిగా ఇంకో స్వాగతం. అప్పుడే మాట్లాడి కూర్చున్న తోటి సభ్యుడితో ఏకీభావం. ఆదివారం గెలిచిన కౌంటీ హర్లింగ్ జట్టుకి అభినందన. “సభ సమయం వృథా చెయ్యను” అని ఒక మాట, దానికొక పది సెకన్లు. అప్పుడు వస్తుంది అసలు సంగతి: ఫలానా ఊళ్లో డాక్టర్ దొరకడం లేదు. ఎంత కాలంగా, ఎంతమందికి, ఏ నిబంధన అడ్డొస్తోంది అని చెప్పబోయేలోగా “సెనేటర్ గారి సమయం అయిపోయింది” అని పైనుంచి మాట. సరిగ్గా అక్కడ తమరి ప్రవేశం. కొండంత రాగం తీసి చివర్లో గోరంత పాట.

అందరూ అయ్యాక లీడర్ అన్నిటికీ కలిపి ఒకే బిగిన జవాబు చెబుతారు. ఆ మంత్రిని అడుగుతాను. ఈ మంత్రి దృష్టికి తీసుకెళ్తాను. ఫలానా చర్చకి వీలు చూస్తాను. ఆ మధ్యలో దాదాపు రోజూ దొర్లే మాట ఇంకొకటుంది: “ఆ విషయాన్ని సభ్యుడు కమెన్స్‌మెంట్ మ్యాటర్‌గా వేస్తే మంచిది.” (అదేమిటో కింద చెబుతాను.) అంటే తమరు తప్పు గుమ్మం దగ్గర నిలబడ్డారని, అసలు గుమ్మం అదిగో అక్కడుందని ఇంటాయనే వేలు పెట్టి చూపిస్తున్నారు. అయినా మర్నాడు తమరు అదే గుమ్మంలో!

ఇక మర్యాద నావల్ల కాదు. సూటిగా అడుగుతున్నా, నీకు సిగ్గనేది ఉందా?

ఆ సభలో పని జరిగే దారులు రెండున్నాయి. కమెన్స్‌మెంట్ మ్యాటర్ ఒకటి. సభ మొదలవగానే వచ్చేది అదే. ఏం అడగబోతున్నారో ముందే రాసి కహీర్లఖ్ కార్యాలయానికి ఇవ్వాలి, వచ్చినవాటిలోంచి ఆయన ఎంచుతారు. ఎంపికైతే ప్రభుత్వం తరఫున ఎవరో ఒకరు వచ్చి తీరాలి. నిజమే, ఆరోగ్య శాఖని అడిగితే ఇంకేదో శాఖ సహాయ మంత్రి వచ్చి “మంత్రిగారి తరఫున” అంటూ కాగితం చదివి వెళ్లడం మామూలే. కానీ ఆ కాగితం శాఖ రాసి ఇచ్చింది. అందులో తేదీ ఉంటే ఆరు నెలల తర్వాత అదే తేదీ పట్టుకుని నిలదీయొచ్చు. తేదీ లేకపోతే, లేదన్న సంగతైనా అచ్చులో ఉంటుంది. కాగితం చదివాక సభ్యుడికి ఒక అనుబంధ ప్రశ్న కూడా ఉంది. దాంట్లో స్వాగతాలూ హర్లింగూ పట్టవు కాబట్టి గత్యంతరం లేక ప్రశ్నే అడుగుతారు.

రెండోది నీ సొంత ఇంట్లోనే ఉంది: ఆర్డర్ ఆఫ్ బిజినెస్‌కి సవరణ. “ఈ చర్చ ఇవాళే, ఇన్ని గంటలకి పెట్టాలని సవరణ ప్రతిపాదిస్తున్నాను” అనాలి. పక్కనుంచి ఒకరు బలపరచాలి. లీడర్ ఒప్పుకున్నారా, మంత్రి వస్తాడు. ఒప్పుకోలేదా, పట్టుబడితే గంట మోగుతుంది, ‘టా’ (అవును) అన్నదెవరో ‘నీల్’ (కాదు) అన్నదెవరో పేరు పేరునా రికార్డుకెక్కుతుంది. నీకూ దానికీ ఉన్న తేడా ఆ ఒక్క క్రియాపదం, ఆ ఒక్క తోడు మనిషి. ‘కోరుతున్నాను’కి ఓటింగ్ లేదు. కోరడంలో ఓడిపోయినవాడు లేడు. అందుకే నువ్వంటే అందరికీ అంత ప్రీతి. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిసినా, చెట్టు కింద నిలబడి మంత్రం చదువుతున్న వీడియో మాత్రం సాయంత్రానికల్లా ఊళ్లోకి చేరుతుంది.

ఎవరికి చేరుతుంది? అదీ చెబుతాను. 60 సీట్లలో 43 ప్యానెళ్లవి, అంటే రంగాలవారీ జాబితాలవి. సంస్కృతి విద్యకి 5, వ్యవసాయానికి 11, కార్మికానికి 11, పరిశ్రమ వాణిజ్యానికి 9, పరిపాలనకి 7. ఆయా రంగాల్లో జ్ఞానం, అనుభవం ఉన్నవాళ్లు రావాలని రాజ్యాంగం ఆశ. ఓటర్లు మాత్రం కొత్త డాల్ (దిగువ సభ) సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు, అందరికన్నా ఎక్కువగా 949 మంది స్థానిక కౌన్సిలర్లు. ఒక్కొక్కరికి అయిదు బ్యాలెట్లు, పోస్టులో. ఓటర్లు అంత తక్కువ కాబట్టి లెక్కింపులో ఒక్కో ఓటుకి 1000 విలువ కట్టి పంచుతారు. వెయ్యి విలువున్న మనిషి ఊళ్లో గుంత ఉంటే వ్యవసాయ ప్యానెల్ సెనేటర్ మట్టి గురించి మాట్లాడతాడా, గుంత గురించి మాట్లాడతాడా? ఆ కౌన్సిలర్ ఫోన్‌కి చేరాల్సింది మంత్రి చదివిన నీరసం కాగితం కాదు, తన ఊరి పేరు జాతీయ సభలో వినపడిన ఆ ముప్ఫై సెకన్లు. నువ్వు చర్చ కోసం పుట్టలేదు, వాట్సాప్ కోసం పుట్టావు.

నీ ఇంటి వరస కూడా అంతేలే. విశ్వవిద్యాలయ సీట్ల ఓటు హక్కు మిగతా కాలేజీల పట్టభద్రులకీ ఇవ్వొచ్చని జనం 1979లో ఓటేశారు. 2023లో సుప్రీంకోర్టు మొట్టికాయ వేస్తేగాని కదలిక లేదు, చట్టం వచ్చింది 2024లో. మొత్తం సభనే ఎత్తేద్దామా అని 2013 అక్టోబరులో అడిగితే 51.7 శాతం వద్దన్నారు, సంస్కరిస్తారని నమ్మి. 2015లో ఒక నివేదిక, 2018లో ఇంకొకటి వచ్చాయి. ఆ 43 సీట్లూ ఇప్పటికీ కౌన్సిలర్ల చేతిలోనే ఉన్నాయి. మరమ్మతులని 2017లో సభని కొంతకాలం పక్కనే ఉన్న నేషనల్ మ్యూజియంలో పెట్టారు. దాని మీద నేనేమీ అనను.

ఎగతాళి చేసే మొహం మనకీ లేదనుకోండి. ఐర్లండ్ నేత డి వలేరా 1936లో పాత సెనేట్‌ని తీసేసి 1937 రాజ్యాంగంలో మళ్లీ తనే పెట్టాడు. మన ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1985లో పోయి 2007లో తిరిగొచ్చింది, 2020లో రద్దు తీర్మానం చేసి 2021లో వెనక్కి తీసుకున్నాం. రాజ్యసభకి 12 మందిని నామినేట్ చేసే పద్ధతి కూడా ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నదే. చుట్టరికం దగ్గరిదే కాబట్టి ఇంత చనువు.

ఆ చుట్టరికంతోనే ఇంకో మాట. అదే సభలో 1971లో సెనేటర్ మేరీ రాబిన్సన్ (తర్వాత దేశాధ్యక్షురాలైన ఆవిడే) గర్భనిరోధక సాధనాల మీద నిషేధం సడలించే బిల్లు పట్టుకుని నిలబడింది. సభ మొదటి రీడింగే ఇవ్వలేదు, అంటే బిల్లు అచ్చు కూడా కాలేదు. ఆవిడ ‘చర్చ పెట్టించండి’ అని కూర్చుని ఉంటే అందరూ తలూపేవాళ్లు, ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. బిల్లు పెట్టింది కాబట్టే కాదన్నదెవరో లోకానికి తెలిసింది. సెనేటర్ ఫ్రాన్సెస్ బ్లాక్ పెట్టిన ఆక్రమిత ప్రాంతాల బిల్లు (ఆక్రమిత ప్రాంతాల్లోని అక్రమ ఆవాసాలతో వ్యాపారం ఆపేది) 2018 జూలైలో ప్రభుత్వం వద్దన్నా 25–20తో రెండో దశ దాటింది. ఆ తర్వాత డాల్‌లో ఏళ్ల తరబడి ఇరుక్కుంది, అది వేరే ఏడుపు. ఇరవై అయిదుగురు ‘టా’ అన్నారు, ఇరవైమంది ‘నీల్’ అన్నారు, ఎవరి పేరు ఎటుందో నేటికీ చూసుకోవచ్చు. ఇలాంటివి జరిగిన సభ కాబట్టే ఆ ప్రసంగాల పేజీ మూసెయ్యకుండా చివరిదాకా చదివాను. చివరి పేజీలోనూ తమరే ఉన్నారు.

ఇట్లు,
రికార్డు చదివే అలవాటు మానలేని ఒక ప్రాణి

తా.క.: ఈ ఉత్తరం మీద కూడా చర్చ పెట్టించమని ఎవరైనా లేస్తే, పక్కసీటు వారు దయచేసి సవరణగా పెట్టమని చొక్కా పట్టుకు లాగండి. పెట్టగానే లేచి ‘ఐ సెకండ్’ అనండి. రెండే మాటలు, రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు.