అడ్డపొగ మాట కూడా రాయాల్సింది
సిగరెట్ వల్ల గుండె, ఊపిరితిత్తులు ఎలా పాడవుతాయో వ్యాసంలో బాగా చెప్పారు. కానీ మా శ్రీకాకుళం తీరం ఊళ్లలో ఆడవాళ్లు తాగే అడ్డపొగ ప్రస్తావనే లేదు. చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. చూడనివాళ్లు నమ్మరు.

మా అమ్మమ్మ అలాగే తాగేది. నెత్తిన చేపల తట్ట, నోట్లో చుట్ట. పెదాలు బిగించి, నాలుకతో చుట్టను అటూ ఇటూ జరుపుతూనే బేరమాడేది. మధ్యలో బూడిద ఉమ్మేది. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది. "గాలికి నిప్పారదు, పంటి నొప్పీ తగ్గుతాది" అనేది.

ఆ వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికే, అంటే నోటి పైకప్పుకే తగులుతాయి. మామూలుగా అరుదైన అంగిలి కేన్సర్ ఇలా తాగేవాళ్లలో ఎక్కువ కనిపించేది అందుకే. ముందు తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చారు మంటగా ఉందని అమ్మమ్మ అంటేనే మేమూ పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. టార్చి వేస్తే అంగిలి మాడిన అట్టులా ఉంది. అదృష్టం, చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో కేన్సర్ లేదన్నారు.

"ఇన్నేళ్లూ లేంది ఇప్పుడేటవుద్ది?" అని వాదించింది గానీ, ఫోన్‌లో తన అంగిలి ఫొటో చూశాక మాట్లాడలేదు. చుట్ట మానేశాక రెండు వారాలు నిద్ర లేదు, అందరి మీదా చిరాకు. నోట్లో సోంపు వేసుకుని గడిపింది. కొన్ని నెలలకు మచ్చలు పలచబడ్డాయి.

మానేందుకు సాయం చేసే 1800-11-2356 ఉచిత నంబరు సిగరెట్ పెట్టె మీద ఉంటుంది. మా సంతలో అమ్మే చుట్టల కట్ట మీద నార తప్ప ఏముంటుంది?