అక్రోట్లు సరే, వక్కపొడి సంగతేంటి బావగారూ?

పొద్దున్నే మా పెద్ద బావగారు ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ ఒకటి వదిలారు. "వేల ఏళ్ల చైనా వైద్య రహస్యం! అక్రోట్ మెదడులా ఉంటుంది, అందుకే మెదడుకు మంచిది. అందరూ రోజూ గుప్పెడు తినండి." కింద వరసపెట్టి దండాలు.

అసలు చైనా వైద్యంలో అక్రోట్ ముందు కిడ్నీకి, ఊపిరితిత్తులకి, మలబద్ధకానికి. కిడ్నీ బాగుంటే మజ్జ, అంటే ఎముకల్లో ఉండే మూలుగ, పెరుగుతుందని, మెదడంటే మజ్జ సముద్రమని వాళ్ల సిద్ధాంతం. నమ్మడం, మానడం మీ ఇష్టం. కనీసం వాళ్లు చెప్పింది చెప్పండి! విరేచనం పల్చగా అయ్యేవాళ్లకి వద్దనే అంటారు వాళ్లు. మందుగా ఇచ్చేది 6 నుంచి 9 గ్రాములు. గుప్పెడట!

దాంతో ఆగితే పోనీలే అనుకునేదాన్ని. మధ్యాహ్నానికి ఆప్రికాట్ గింజలు దిగాయి. దగ్గొస్తే చేదు గింజలు పచ్చివే నమలాలట. ఖుబానీ కా మీఠా మీద వేసే తియ్య పప్పు అనుకున్నారేమో మహానుభావుడు. చేదు పప్పు కడుపులోకి వెళ్తే సైనైడ్ పుడుతుంది. అక్కడి వైద్యులు దాన్ని తూచి, కషాయంలో మరిగించి ఇస్తారు. పచ్చివైతే చిన్న గింజలు మూడు దాటినా పెద్దవాళ్లకే ప్రమాదమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది. గింకో అనే చైనా చెట్టు గింజా అంతే. ఆయాసానికి మందే, పచ్చిగా తింటే పిల్లలకి ఫిట్స్ రావచ్చు. ఆ హెచ్చరికలన్నీ కోసేసి మనకి పంపుతారన్నమాట.

అన్నట్టు, చైనావాళ్లకి వక్క కూడా మందే, కడుపులో పురుగులకి. కానీ చైనాలోని హునాన్ రాష్ట్రంలో జనం అదే పనిగా నములుతూ నోటి క్యాన్సర్ తెచ్చుకుంటుంటే, 2021లో అక్కడి ప్రభుత్వం టీవీల్లో, రేడియోల్లో దాని ప్రకటనలు ఆపించేసింది. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. ఇది మాత్రం మన గ్రూపులోకి రాదు. ఎందుకొస్తుంది? ఆయన జేబులో ఎప్పుడూ వక్కపొడి డబ్బా ఉంటుంది కదా!

మా ఆడపడుచు కూతురి పెళ్లిలో భోజనాలయ్యాక మా బుడ్డోడి నోట్లో చిటికెడు వేశారు, అరుగుతుందని. వద్దండీ అంటే, "నాలుగు ముక్కలు చదువుకున్నావు కదా, నీకన్నీ టెన్షన్లే" అని పంక్తి మొత్తం వినేలా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన సంగతి ఇంకో పోస్టులో రాస్తా.