ప్లేటు బిగించే ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

డ్రాగ్ రేసుకు, అంటే నిలబడ్డ చోటి నుంచి తిన్నటి దారిలో కొద్ది దూరాన్ని వేగంగా దాటే పోటీకి, కారు కట్టే మనవాళ్లు చాలామంది ఒకే తప్పు చేస్తున్నారు. కామ్‌షాఫ్టుకు, హెడ్లకు, కార్బురేటర్‌కు డబ్బు కుమ్మరిస్తారు, తీరా ఇంజన్ని పాత రబ్బరు మౌంట్ల మీదే కూర్చోబెడతారు. నాలుగుసార్లు లాంచ్ చేసి గీత దగ్గర్నుంచి బండిని దూకించేసరికి అవి చిరిగిపోతాయి, అప్పుడు మోటార్ ప్లేటు, అంటే ఇంజన్ని చాసీకి కదలకుండా పట్టే లోహపు పలక, కొంటారు. ప్లేటు పెట్టాక నీళ్ల పంపు కుదరదు. పంపు మార్చాక వైరింగ్ చాలదు. విప్పిందే విప్పడం, బిగించిందే బిగించడం. ఇంజన్ని నిలబెట్టడం వేరు, చల్లబరచడం వేరు అనుకున్నంత కాలం ఈ తిప్పలు తప్పవు. స్మాల్ బ్లాక్ షెవీతోనే, అంటే షెవ్రొలే వాళ్ల చిన్న సైజు వి8 ఇంజన్‌తోనే, చెప్తాను, విడిభాగాలు తేలిగ్గా దొరికేది దానికే కాబట్టి.

ముందు రబ్బరు ఎందుకు పనికిరాదో చూడండి. క్రాంకు ఒకవైపు తిరిగితే బ్లాకు రెండోవైపు తిరగబోతుంది. అమెరికా బళ్లలో డ్రైవరు వైపు, అంటే ఎడమ మౌంటు, పైకి లేస్తుంది. ఇది రేసు బళ్లకే వచ్చే బాధ కూడా కాదు. 1971లో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల షెవ్రొలే బళ్లను వెనక్కి పిలిపించింది ఈ మౌంట్ల గురించే. మౌంటు తెగితే ఇంజన్ పైకి లేచి, థ్రాటిల్ తెరుచుకుని ఉండిపోయే ప్రమాదం ఉంది. మామూలు రోడ్డు బండిలోనే అలా ఉంటే, గాడులు లేని స్లిక్ టైర్లు వేసి, గేరుబాక్సునే పట్టి ఉంచే ట్రాన్స్‌బ్రేకుతో ఒక్కసారిగా వదిలే బండిలో ఆ రబ్బరు ఎంతసేపు ఆగుతుంది?

సరే, ప్లేటు. ముందు ప్లేటుకు పావు అంగుళం మందం 6061-టి6 రకం అల్యూమినియం తీసుకోండి. బ్లాకుకీ బెల్‌హౌసింగ్‌కీ (గేరుబాక్సు ముందుండే గంట ఆకారపు తొడుగుకీ) మధ్య మిడ్ ప్లేటు కూడా ఉండాల్సిందే. ముందు ప్లేటు ఒక్కటే వేస్తే ఇంజన్ పక్కలకు కదలదు గానీ, ముందుకూ వెనక్కూ మాత్రం రేకులా వంగుతుంది. ఆ తోపుడంతా గేరుబాక్సు తోక మీద పడి అల్యూమినియం కేసు పగులుతుంది. మిడ్ ప్లేటుకు చోటు లేకపోతే కనీసం ఇంజన్ని ముందుకూ వెనక్కూ కదలనివ్వని లిమిటర్ రాడ్లయినా వేయండి. ప్లేట్లు రెండూ వేసినవాళ్లు గేరుబాక్సు మౌంటును మాత్రం గట్టి ఇనుముతో కట్టేయకండి. చాసీ మెలితిరిగినప్పుడు కాస్త ఇచ్చే చోటు ఒకటి మిగలాలి.

మిడ్ ప్లేటు వేయగానే గేరుబాక్సు అంత మందం వెనక్కి జరుగుతుంది. బ్లాకునీ గేరుబాక్సునీ సరిగ్గా ఒకే వరుసలో ఉంచే డోవెల్ పిన్నులు పొట్టివైపోతాయి, పొడుగువి వేయాలి. టార్క్ కన్వర్టర్‌ని (ఇంజన్ శక్తిని నూనె ద్వారా ఆటోమేటిక్ గేరుబాక్సుకు అందించేదాన్ని) పూర్తిగా వెనక్కి నెట్టి, ఫ్లెక్స్‌ప్లేటుకూ (క్రాంకు వెనక బిగించే పలుచని చక్రానికీ) దానికీ మధ్య ఖాళీ కొలవండి. 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే బోల్టుల దగ్గర వాషర్లు వేసి సరిచేయండి, లేకపోతే కన్వర్టర్ మెడ ట్రాన్స్‌మిషన్ పంపులో చాలినంత లోతు కూర్చోక పంపు గేరు విరుగుతుంది. ఖాళీ లేకుండా బిగిస్తే క్రాంకును ముందుకు తోసి, అది ముందు వెనకలు జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగును తినేస్తుంది.

ఇంకోటి, దీన్ని చాలామంది చూడరు. బ్లాకు ముందు ముఖాన కుడివైపు పై బోల్టు కన్నం నేరుగా ఫ్యూయల్ పంపును నడిపే పుష్‌రాడ్ దారిలోకి తెరుచుకుంటుంది. ప్లేటు మందానికి సరిపోతుందిలే అని అక్కడ పొడుగు బోల్టు వేస్తే, దాని కొన వెళ్లి పుష్‌రాడ్‌ను పట్టేస్తుంది. అంతా బాగానే బిగిసినట్టు ఉంటుంది, స్టార్ట్ చేశాక తెలుస్తుంది దెబ్బ. మెకానికల్ ఫ్యూయల్ పంపు తీసేసినా సరే, ఆ బోల్టు మరలకు సీలెంట్ రాయాలి, లేకపోతే నూనె చెమర్చుతూనే ఉంటుంది.

ఇప్పుడు నీళ్లు. ముందు ప్లేటు పడేది బ్లాకుకీ నీళ్ల పంపుకీ మధ్య. అంటే నీళ్లు ఆ ప్లేటులోని కన్నాల గుండానే పోవాలి, గ్యాస్కెట్ రెండు వైపులా ఉండాలి. పంపు పావు అంగుళం ముందుకొస్తుంది, క్రాంకు పుల్లీ ఉన్నచోటే ఉంటుంది. పుల్లీకి స్పేసర్ వేయకపోతే బెల్టు జారిపోతుంది. అందుకే అంటున్నా, ప్లేటు వేసే రోజునే ఎలక్ట్రిక్ పంపు కూడా వేసేయండి. దానికి బెల్టు గొడవే లేదు. నిమిషానికి 35 గ్యాలన్లు తోడేది మామూలు బ్రాకెట్ రేసు బండికి, అంటే ముందే చెప్పిన టైముకు దగ్గరగా పరిగెత్తాల్సిన బండికి, చాలు.

ఎలక్ట్రిక్ పంపు అసలు లాభం ఇంజన్ హార్స్‌పవర్ మిగలడం కాదు. రన్ అయ్యాక ఇంజన్ ఆపితే మెకానికల్ పంపు కూడా ఆగిపోతుంది, హెడ్లలోని వేడి అక్కడే ఉడుకుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ అయితే ఇంజన్ ఆపేసి, పంపూ ఫ్యానూ తిరగనిచ్చి, ప్రతి రౌండుకూ అదే వేడి దగ్గర, ఉదాహరణకు 71 డిగ్రీల సెల్సియస్ దగ్గర, స్టేజింగ్ లైనుకు (రేసుకు బళ్లు వరుస కట్టే చోటికి) వెళ్లొచ్చు. బ్రాకెట్ రేసులో గెలుపు డయల్ చేసిన, అంటే ముందే ప్రకటించిన, టైముకు అతుక్కోవడంలోనే ఉంది. టెక్సాస్ ఎండలో ఒక రన్ 60 డిగ్రీలకు, ఇంకోటి 95కు వదిలి టైము ఎందుకు మారిందని తల పట్టుకుంటే ఎలా?

పంపుకొక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు), ఫ్యానుకొక రిలే, విడివిడిగా ఫ్యూజులు. ఆల్టర్నేటర్ తీసేసిన బండిలో బ్యాటరీ పడిపోతే ఇగ్నిషన్ కూడా నీరసిస్తుంది. 16 వోల్టుల బ్యాటరీకి వెళ్తే పంపు దాన్ని తట్టుకునే రకమో కాదో చూసుకోండి. రేడియేటర్‌ని చాసీకి నేరుగా బిగించకండి, కింద రబ్బరు ఉండాలి. చాసీ మెలిక అతుకుల మీద పడితే అల్యూమినియం పగులుతుంది. పంపు పీల్చే వైపు హోసులో స్ప్రింగు ఉండాలి, లేకపోతే హోసు లోపలికి నొక్కుకుని మూసుకుపోతుంది. నీళ్లు పోసేటప్పుడు బండి ముక్కు ఎత్తి పెట్టి, మూత తీసి, ఇంజన్ ఆపి పంపు ఒక్కటే తిప్పండి, బుడగలు ఆగేదాకా. గాలి మిగిలితే హెడ్డులో ఆవిరి పట్టు కడుతుంది. సెన్సారు ఆవిరిలో పడితే వేడి చూపే ముల్లు పైకి లేవకపోవచ్చు కూడా. 400 ఘనపు అంగుళాల బ్లాకు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సిలిండర్లు అతుక్కుని ఉంటాయి, హెడ్లలో ఆవిరి కన్నాలు వేయకపోతే గ్యాస్కెట్ పోతుంది.

"టాప్ ఫ్యూయల్ బళ్లకు రేడియేటరే లేదు కదా" అనేవాళ్లు ఉంటారు. డ్రాగ్ రేసులో అన్నిటికన్నా వేగమైన ఆ బళ్లు 2008 నుంచి పరిగెత్తేది 1,000 అడుగులు, అదీ నాలుగు సెకన్లలోపే. ఇంధనంగా పోసే నైట్రోమీథేనే చాలా వేడి లాగేస్తుంది, రౌండు రౌండుకూ ఇంజన్ విప్పుతారు. మీరు రౌండు రౌండుకూ విప్పుతారా?

చివరగా, చాలా ట్రాకుల్లో యాంటీఫ్రీజ్ (నీళ్లను గడ్డకట్టనివ్వని ద్రవం) పనికిరాదు, ఒలికితే లేన్ అంతా జారుడే. డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టనివ్వని మందు, ఓవర్‌ఫ్లోకు కనీసం ఒక పైంట్ (సుమారు అర లీటరు) పట్టే డబ్బా. 15 పీఎస్ఐ ఒత్తిడి దాకా పట్టి ఉంచే రేడియేటర్ మూత ఉంటే వట్టి నీళ్లు కూడా 121 డిగ్రీల దాకా మరగవు. చలికాలం బండి పక్కన పెట్టేటప్పుడు నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలకుండా మొత్తం తీసేయాలి, అందుకని రేడియేటర్ కుళాయి ఒక్కటే తెరిచి వదిలేయకండి. బ్లాకుకు రెండు పక్కలా ఆయిల్ పాన్ పైన డ్రెయిన్ ప్లగ్గులు ఉంటాయి, రెండూ తీయండి. నీళ్లు రాకపోతే ఖాళీ అయిందని కాదు, మడ్డి అడ్డుపడిందని. తీగతో పొడవండి.