ఒక్కసారిగా మానేయమనకండి
"మనసు గట్టిగా ఉంటే రేపటి నుంచే మందు మానేయొచ్చు" అని మద్యం మానడం గురించి మీ వ్యాసంలో రాశారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లకు ఈ సలహా ప్రమాదం, దయచేసి సవరించండి. మా బాబాయి అలాగే ఆపేశారు. మర్నాటికి చేతులు వణికాయి, రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో బి1 విటమిన్ ఎక్కించి, మందులిచ్చి నిలబెట్టారు.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. సాయంత్రం ఏడయ్యేసరికి అప్పుల టెన్షన్, కాళ్లు షాపు వైపే లాగేవి. సరిగ్గా ఆ వేళకి పిన్ని ఆయన్ని చెరువు గట్టు మీదికి నడకకు తీసుకెళ్లేది. అక్కడే, మొదటిసారి, ఎంత అప్పుందో ఆమెకు చెప్పారు. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.