అంకెలు తిరగేస్తే చాలట

గంటన్నర క్రితం పెనం మీద వంజరం ముక్కలు వేసి, రెండో వైపు తిప్పబోతుంటే ఫోను మోగింది. ఒక పత్రిక నుంచి. పేరు చెప్పను. కథ పంపి నాలుగు నెలలైంది కదా అన్న ఆత్రంలో పొయ్యి తగ్గించకుండానే ఎత్తాను, అది నా తప్పు. "మేడమ్, సస్పెన్స్ బ్రహ్మాండం. ఒక్కటే చిన్న మార్పు. నాయిక వయసు 62 అని రాశారు. 26 చేసేయండి. అంకెలు తిరగేస్తే చాలు" అని తన మాటకు తనే నవ్వాడు. ఆయన నవ్వు ఆగేసరికి నా చేప మాడింది.

కథ ఏమిటో చెబితే నా మంట మీకే అర్థమవుతుంది. భీమిలిలో ఒకావిడ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. 1986లో ఆవిడ రాత్రి డ్యూటీలో ఉండగా ఒక మనిషి లైట్నింగ్ కాల్, అంటే అన్నిటికంటే ముందు కలపాల్సిన ట్రంక్ కాల్, బుక్ చేస్తాడు. తెల్లవారేసరికి ఊళ్ళో ఒకరు కనిపించకుండా పోతారు. ముప్పై ఎనిమిదేళ్ళ తరువాత మందుల దుకాణంలో, వెనక నుంచి అదే గొంతు. నంబరు చెప్పే ముందు సన్నగా సవరించుకోవడం, అంకెలను రెండేసి చొప్పున విడదీసి పలకడం, అన్నీ అవే. ఆవిడ వెనక్కి తిరగదు. మోకాళ్ళ మాత్రలు తీసుకుని, చిల్లర సరిచూసుకుని, మెల్లగా మెట్లు దిగుతుంది. ఆ తరువాతది చెప్పను. ఇంకెవరైనా వేసుకుంటారేమోనన్న ఆశ ఇంకా చావలేదు.

ఆ గొంతు నేను గాలిలోంచి పట్టుకొచ్చింది కాదు. నేనూ ఎక్స్ఛేంజీలో కాల్స్ కలిపే ఆ బోర్డు ముందు కూర్చున్నదాన్నే. మామూలు కాల్, అర్జెంట్ కాల్, లైట్నింగ్ కాల్, ఫలానా మనిషే పలకాలంటే పీపీ కాల్. బుక్ చేసినవాళ్ళ నంబరు టికెట్టు మీద రాసుకుని, లైను దొరికేదాకా వాళ్ళ విసుగు మేమే భరించి, మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "పొడిగించమంటారా" అని అడగాలి. పెళ్ళి కుదిరిన గొంతు, ఉద్యోగం పోయిన గొంతు, అబద్ధమాడుతున్న గొంతు, ముఖం చూడకుండా చెప్పేవాళ్ళం. ఆపరేటరుతో పని లేకుండా ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకునే ఎస్టీడీ వచ్చాక ఊళ్ళో గుట్లన్నీ ఊళ్ళోవాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. అది వేరే బాధ.

సరే, కుర్రవాణ్ణి మర్యాదగానే అడిగాను. "బాబూ, ఇరవై ఆరేళ్ళ పిల్ల 1986లో ఫోను ఎలా విన్నది? పుట్టనే లేదు కదా." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అటకమీద వాళ్ళ అమ్మమ్మ డైరీ దొరుకుతుంది మేడమ్." డైరీలో గొంతు! పేజీ తిప్పితే దగ్గు వినిపిస్తుంది కాబోలు. పైగా "మీ 62 ఏళ్ళ ఆవిడను తీసేయనక్కర్లేదు, అమ్మమ్మగా ఉంచుదాం, మొదటి పేజీలోనే పోతుంది" అని ఊరడింపు. నా నాయికను నాకే శవంగా తిరిగి ఇచ్చాడు.

భీమిలి ఎప్పుడైనా చూశాడా ఈయన? 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు కాగితాల మీద విశాఖ మహానగరంలో కలిపేశారు గాని, సాయంత్రం లైట్ హౌస్ దగ్గర ఎవరు ఎవరితో నిలబడ్డారో రాత్రి భోజనాల వేళకు గోస్తని అవతలకు కూడా తెలిసిపోతుంది. అక్కడ బస్సు దిగిన ఇరవై ఆరేళ్ళ పిల్ల డచ్చివాళ్ళ సమాధుల వైపు రెండు అడుగులు వేస్తే చాలు, ఎవరమ్మాయి, ఎవరింటికి, పెళ్ళయిందా అని ఊరంతా వెంటపడుతుంది. రహస్యం ఛేదించడం తరువాత, ముందు ఆ పిల్లను సంబంధాల నుంచి కాపాడాలి. అదే చేతిసంచీ పట్టుకున్న ముసలావిడ? కొత్త ఆవకాయ రుచి చూపించడానికి ఒక ఇంట్లోకి, పసిబిడ్డకు దిష్టి తీయడానికి ఇంకో ఇంట్లోకి, వంటగది దాకా వెళ్ళి కూర్చుంటుంది. ఆవిడ ముందే తగాదా పడతారు, డబ్బు లెక్క పెడతారు, ఫోనులో బెదిరిస్తారు. మనిషి అక్కడ ఉన్నదన్న ఇంగితమే ఎవరికీ ఉండదు. నా కథలో సస్పెన్స్ మొత్తం దాని మీదే నిలబడింది. వయసు మారిస్తే మిగిలేది సముద్రం వర్ణన నాలుగు పేరాలు.

ఇంగ్లీషువాళ్ళ మిస్ మార్పుల్ అయితే మాత్రం ఈ పత్రికల వాళ్ళకు మహా ముద్దు. పల్లెటూళ్ళో కూర్చుని ఉన్ని అల్లుకునే ఆ పెద్దావిడ పన్నెండు నవలల్లో హంతకులను పట్టిస్తే క్లాసిక్. నేను రాస్తే "పాఠకులు కనెక్ట్ కారు మేడమ్." మన సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అరవై దాటిన హీరో కాలేజీ గేటు దూకితే ఈల వేస్తారు. 2019లో 'ఓ! బేబీ' చూసి నేనూ కడుపుబ్బ నవ్వాను, అబద్ధమెందుకు. కానీ బామ్మగారు పడుచుపిల్లగా మారితే తప్ప అక్కడా కథ కదల్లేదు. మన విశాఖలోనే, మన కంచరపాలెం వాళ్ళనే నటులుగా పెట్టి 2018లో తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో 49 ఏళ్ళ అటెండరుకూ 42 ఏళ్ళ ఆఫీసరమ్మకూ ప్రేమ పుడితే జనం చూడలేదా? 42 కే అంత సంబరపడ్డామంటే మిగతావాటి గతి చూడండి.

అసలు ఈ కుర్రవాణ్ణి అని ఏం లాభం? మూడేళ్ళ క్రితం లాసన్స్ బే కాలనీలో ఉదయం నడకకు వెళ్తే, బైకు మీద ఇద్దరు ఆగి పార్కు ఎటు అని అడిగి, నా గొలుసు తెంపుకుపోయారు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారు, నిజమే. గొంతు విన్నాను కదా! 'పార్కు' అనేటప్పుడు నాలుక ఎక్కడ తడబడిందో ఇప్పటికీ చెప్పగలను. స్టేషనులో అదే చెబుతుంటే ఆ పెద్దమనిషి రాయడం ఆపి, నన్ను కాదు, మా అబ్బాయిని అడిగాడు: "అమ్మగారికి వినికిడి బాగానే ఉంటుందా?" మా అబ్బాయి, నేను కని పెంచిన సుపుత్రుడు, "ఈ మధ్య బీపీ ఉంది సార్" అన్నాడు. వినికిడి అడిగితే బీపీ చెప్పాడు! ఫిర్యాదులో గొంతు ముక్క లేనే లేదు. మూడు తులాలు పోయినా అంత ఏడుపు రాలేదు.

ఒరేయ్, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. చదువు. మీ ఆవిడకూ చూపించు.

మాడిన ముక్కలు పిల్లికి కూడా పనికిరాలేదు. ఇందాక ఫైలు తెరిచి మారుద్దామని కూర్చున్నాను, మారమంటే మారాలి కదా. 62 ఉన్న ప్రతిచోటా 71 చేశాను.