ఎంఎల్ఎస్ ‘గొలుసుకట్టు స్కీం’ కాదు, కానీ ఫీజు లాభమూ కాదు

అమెరికా, కెనడాల్లో సాగే ఫుట్‌బాల్ లీగ్ మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్) ప్రస్తావన వస్తే చాలు, ఒక వాదన వెంటనే ప్రత్యక్షమవుతుంది. దాని సారాంశం ఇదీ: “ఎంఎల్ఎస్ కొత్త జట్ల దగ్గర గుంజే ప్రవేశ ఫీజుతోనే బతుకుతోంది. ముందు చేరినవాళ్ల లాభమంతా వెనక చేరినవాళ్ల జేబులోదే. అచ్చం గొలుసుకట్టు స్కీం. 30 జట్ల దగ్గర ఆగితే డబ్బు ఆగిపోతుంది. ఆగకపోతే మ్యాచ్‌లు పెరిగి క్యాలెండర్ కుప్పకూలుతుంది. వెనకటి సాకర్ లీగ్ ఎన్ఏఎస్ఎల్ పోయింది ఇలాగే.”

పూర్తి గాలిమాట అయితే ఇది ఇంతగా నాటుకునేది కాదు. కొంత నిజం ఉంది, కానీ చెప్పిన చోట లేదు.

“ఫీజులే ఊపిరి”

1996లో లీగ్ 10 జట్లతో మొదలైంది. 1998లో షికాగో, మయామీ చేరాయి. ఆ తర్వాత 2005లో రియల్ సాల్ట్ లేక్, చివాస్ యూఎస్ఏ వచ్చేదాకా ఒక్క కొత్త జట్టూ మైదానంలో దిగలేదు. పైగా 2001 సీజన్ ముగిశాక మయామీ, టాంపా బే జట్లను మూసేశారు. అంటే జట్లు తగ్గాయి, కొత్త జట్టు లేకుండానే ఆరు సీజన్లు గడిచాయి. ఫీజే ఊపిరి అయితే అది ఆగిపోవాల్సింది అప్పుడే. ఆ రోజుల్లో లీగ్‌ను మోసింది అన్షూట్జ్, హంట్, క్రాఫ్ట్ లాంటి యజమానుల సొంత డబ్బు. ఒక దశలో 10 జట్లలో సగానికి పైగా అన్షూట్జ్ చేతిలోనే ఉండేవి.

2007లో టొరంటో కట్టింది 1 కోటి డాలర్లు. దాంతో లీగ్ బతికిందనడం లెక్కకు నిలవదు. ఫీజు పెద్ద మొత్తంగా మారింది తర్వాతే: న్యూయార్క్ సిటీ 10 కోట్లు, ఎల్ఏఎఫ్‌సీ 11 కోట్లు, సిన్సినాటి 15 కోట్లు, షార్లట్ 32.5 కోట్లు, 2025లో దిగిన శాన్ డియాగో 50 కోట్లు. ఎంఎల్ఎస్ పూర్తి ఖాతాలు బయటపెట్టదు కాబట్టి ఇవి వార్తల్లో వచ్చిన అంకెలే.

ఇంకో సంగతి. ప్రకటించిన ఫీజంతా వచ్చి పడ్డ డబ్బు కాదు. శాక్రమెంటోకు 2019 అక్టోబరులో జట్టు ఖాయం చేశారు. 2021 ఫిబ్రవరిలో ప్రధాన పెట్టుబడిదారు తప్పుకున్నాడు, జట్టు రానేలేదు.

“ముందు చేరినవాడికి లాభం, వెనక చేరినవాడికి టోపీ”

అసలు పొరపాటు ఇక్కడుంది. ఫీజును ఆదాయంగా చూస్తే స్కీంలాగే కనిపిస్తుంది. అది ఆదాయం కాదు, వాటా అమ్మగా వచ్చిన సొమ్ము. ఎంఎల్ఎస్‌లో క్లబ్బులు విడివిడి సంస్థలు కావు. ఆటగాళ్ల ఒప్పందాలు లీగ్‌తోనే ఉంటాయి, యజమానులంతా ఒకే సంస్థలో వాటాదారులు. కొత్తవాడు వచ్చాడంటే ఉమ్మడి ఆస్తిలో ప్రతి పాతవాడి భాగమూ శాశ్వతంగా కొంచెం కోసుకుపోయినట్టే.

శాన్ డియాగో లెక్క వేద్దాం. 50 కోట్లను అప్పటికే ఉన్న 29 జట్ల యజమానులకు సమంగా పంచితే తలా 1.72 కోట్ల డాలర్లు, ఒక్కసారికి. బదులుగా ప్రతి వాటా 3.45 శాతం నుంచి 3.33 శాతానికి దిగింది. ఆపిల్‌తో ప్రసార ఒప్పందాన్ని 2022లో ప్రకటించినప్పుడు చెప్పింది 10 ఏళ్లకు కనీసం 250 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 25 కోట్లు. తర్వాత నిబంధనలు మారినా, ఉదాహరణకు ఆ అంకే చాలు. 29 మంది పంచుకుంటే తలా 86.2 లక్షలు, 30 మంది అయితే 83.3 లక్షలు. ఏటా చిల్లు సుమారు 2.9 లక్షలు. 1.72 కోట్లను దీంతో భాగిస్తే 60 ఏళ్ల నష్టం ముందే చేతికొచ్చినట్టు. బేరం బాగానే ఉంది.

బాగున్నది ప్రసార హక్కుల ధర అంతే ఉంటే. అది నాలుగింతలైతే 60 ఏళ్లు 15కు తగ్గుతాయి. ఇది ఊహ కాదు, టొరంటో విషయంలో జరిగిందే. ఆ 1 కోటిని అప్పటి 12 జట్లకు పంచితే తలా 8.3 లక్షలు. ఇప్పటి లెక్కలో 30వ వంతు వాటాకు ఆపిల్ సొమ్మే ఏడాదికి 83 లక్షలు కాబట్టి, టొరంటో కట్టిన మొత్తం ఫీజు 14, 15 నెలల ప్రసార డబ్బుకు సమానం. గొలుసుకట్టులో ముందు చేరినవాడు బాగుపడి వెనక చేరినవాడు మునుగుతాడు. ఇక్కడ వెనక చేరినవాడికి ముందున్నవాళ్లు వాటాను చవగ్గా అమ్ముకున్నారు!

కొత్తవాడికి దక్కేది వట్టి కాగితం కాదు. తన ఊళ్లో టికెట్లు, స్థానిక స్పాన్సర్లు, స్టేడియం రాబడి అతనివి. అందుకే ఫీజు పైన మళ్లీ పెట్టుబడి పెడతాడు. ఆస్టిన్‌లో 2021లో తెరిచిన స్టేడియానికి సుమారు 26 కోట్ల డాలర్లయ్యాయి. ఊరు కలిసిరాకపోతే లీగే దిగుతుంది: 2014లో చివాస్ యూఎస్ఏను కొనేసి, ఆ సీజన్ అయ్యాక మూసేసి, అదే లాస్ ఏంజలెస్ మార్కెట్‌ను ఎల్ఏఎఫ్‌సీకి అమ్మింది.

వాదనలో మిగిలే నిజం ఒకటుంది. రోజువారీ ఖర్చులో నష్టపోతూ “రేపు జట్టు ధర పెరుగుతుందిలే” అని సర్దిచెప్పుకునే యజమానికి, తర్వాతి జట్టు 50 కోట్ల కంటే తక్కువకు అమ్ముడైన రోజు చిక్కే. అది మోసం కాదు, ధర మీద పందెం. రెండింటికీ మందు వేరు.

“ఎక్కువ జట్లు, ఎక్కువ మ్యాచ్‌లు, ఎక్కువ టీవీ డబ్బు”

లీగ్‌ను సమర్థించేవాళ్లు అనే మాట ఇది. ఇదీ తప్పే. కనీస మొత్తం ముందే ఖాయమైతే, అదనపు మ్యాచ్ అదనపు డబ్బు తేదు. 29 జట్లకు సీజన్‌లో 493 మ్యాచ్‌లు, 30కి 510. ఆ 17 మ్యాచ్‌ల చిత్రీకరణ ఖర్చు ఆపిల్‌ది కాదు, లీగ్‌ది.

“మ్యాచ్‌లు పెరిగి క్యాలెండర్ కూలుతుంది”

మొత్తం మ్యాచ్‌లు పెరుగుతాయి. ఒక్కో జట్టు ఆడేవి పెరగలేదు. 2011లో 18 జట్లున్నప్పుడు ప్రతి జట్టూ మిగతా 17 జట్లతో ఇంటా బయటా ఆడితే సరిగ్గా 34. అంత చక్కగా కుదిరిన ఏడాది మళ్లీ రాలేదు. 2012లో 19వ జట్టు రాగానే అందరితో రెండేసి మ్యాచ్‌ల పద్ధతి పోయింది, 34 మాత్రం అలాగే ఉంది. 30 జట్లతో ఆ పద్ధతే పట్టుకుంటే తలా 58 ఆడాలి. ఎవరూ ఆడించరు.

షెడ్యూల్ వేసేవాళ్లను ఏడిపించేది జట్ల సంఖ్య కంటే అది బేసా, సరా అన్నది. 2023, 2024లో 29 జట్లు. ఒక రౌండులో 14 మ్యాచ్‌లు జరుగుతాయి, ఒక జట్టు ఊరికే కూర్చోవాలి. 493 మ్యాచ్‌లను 14 చొప్పున సర్దితే 35 రౌండ్లలో 490 పోతాయి, మిగిలిన 3 కోసం 36వ రౌండు కావాలి. శాన్ డియాగో చేరాక రౌండుకు 15 మ్యాచ్‌లు, 34 రౌండ్లలో 510 పూర్తి. జట్టు ఒకటి పెరిగింది, కావలసిన రౌండ్లు రెండు తగ్గాయి.

లీగ్‌లో తూర్పు, పడమర అని రెండు విభాగాలు, వాటినే కాన్ఫరెన్స్‌లంటారు. 2025లో కాన్ఫరెన్స్‌కు 15 జట్లు. మళ్లీ బేసి సంఖ్యే కదా, తంటా రాదా? రాకుండా ఒక కిటుకు ఉంది. 15 జట్లు తమలో తాము రెండేసిసార్లు ఆడాలంటే 30 రౌండ్లు పడుతుంది, ప్రతి రౌండులో ఒక జట్టు మిగులుతుంది. తూర్పులో మిగిలిందాన్ని పడమరలో మిగిలిందానితో ఆడిస్తే ఎవరూ ఖాళీగా ఉండరు. అలా ప్రతి జట్టుకూ సొంత కాన్ఫరెన్స్‌లో 28, అవతలి కాన్ఫరెన్స్‌తో 2. మిగిలిన 4 రౌండ్లు పూర్తిగా తూర్పు పడమరల మధ్యే. 28, 2, 4 కలిపితే 34. అసలు షెడ్యూల్ ఇలా రౌండు రౌండుగా సాగదు, స్టేడియం ఖాళీలను బట్టి చెదురుతుంది. లెక్క కుదరడం మాత్రం ఇలాగే.

దీనికి చెల్లించే మూల్యం వేరే ఉంది, విమర్శకులు దాన్ని పట్టుకోవడం లేదు. అవతలి 15 జట్లలో ఏటా ఎదురయ్యేవి 6 మాత్రమే. అందులో సొంతగడ్డపై 3. అంటే పడమర ఊళ్లో సీజన్ టికెట్ కొన్నవాడి ముందుకు ఫలానా తూర్పు జట్టు సగటున ఐదేళ్లకోసారి వస్తుంది. మెస్సీ జట్టు తూర్పున ఉంది. టికెట్ల అమ్మకం మీద దీని దెబ్బ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. రెండోది, ఎక్కువ పాయింట్ల జట్టుకిచ్చే సపోర్టర్స్ షీల్డ్‌కు అందరినీ ఒకే పట్టికలో లెక్కిస్తారు, కానీ అందరూ ఆడిన ప్రత్యర్థులు ఒకరు కారు.

ఇక క్యాలెండర్ నిజంగా ఇరుకైంది, కాదనలేం. కారణం లీగ్ మ్యాచ్‌లు కాదు, పక్క టోర్నీలు. 2023లో మెక్సికో క్లబ్బులతో ఆడే లీగ్స్ కప్ కోసం సీజన్ మధ్యలో నెల రోజులు ఆపారు. ఖండం స్థాయిలో జరిగే కాంకకాఫ్ చాంపియన్స్ కప్, అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామాలు, 2025 వేసవిలో క్లబ్ వరల్డ్ కప్ ఉండనే ఉన్నాయి. ఒత్తిడి ఎక్కడ పగిలిందో చూడండి: చిన్నా పెద్దా అమెరికా క్లబ్బులు పోటీపడే యూఎస్ ఓపెన్ కప్‌కు రిజర్వు జట్లను పంపుతామని 2023 డిసెంబరులో ఎంఎల్ఎస్ అంది, అమెరికా సాకర్ సమాఖ్య ఒప్పుకోలేదు, చివరికి 2024లో 8 ఎంఎల్ఎస్ జట్లే ఆడాయి. ఈ గొడవ 20 జట్ల లీగ్‌లోనూ వచ్చేది.

ముందున్న ఇరుకు 2027ది. జులైలో మొదలై మరుసటి ఏడాది మే నెలలో ముగిసే సీజన్‌కు మారాలని 2025 నవంబరులో నిర్ణయించారు. దాంతో సీజన్ తొలి సగం అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మీద పడుతుంది. సియాటిల్, షార్లట్, అట్లాంటా లాంటి చోట్ల రెండు ఆటలకూ ఒకటే స్టేడియం. పైగా అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ షెడ్యూల్ మే నెలలో గానీ బయటికి రాదు. ఆ తేదీలు తెలియకుండా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సొంతగడ్డ మ్యాచ్‌లు ఖాయం చేయడం కత్తిమీద సామే.

“ఎన్ఏఎస్ఎల్ పోయినట్టే పోతుంది”

ఎన్ఏఎస్ఎల్ 1977లో 18 జట్లు, 1978లో 24. ఒక్క ఏడాదిలో ఆరు పెరిగాయి. 1984 చివరి సీజన్‌కు తొమ్మిదే మిగిలాయి. అక్కడ ప్రతి క్లబ్బూ తన ఆటగాళ్లను తానే కొనేది, న్యూయార్క్ కాస్మోస్‌తో పోటీపడబోయి చిన్నవి చితికిపోయేవి. ఎంఎల్ఎస్‌లో జీతాలకు పరిమితి ఉంది, దాన్ని దాటే తారలు ఒక్కో క్లబ్బుకు కొద్దిమందే. అది 10 నుంచి 30కి చేరడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. పోలిక జట్ల సంఖ్యతోనే మొదలై అక్కడే ముగుస్తుంది.

“30 దగ్గర చిక్కుకుపోయారు”

31 అయితే నిజంగానే చిక్కు. 527 మ్యాచ్‌లను రౌండుకు 15 చొప్పున సర్దితే మళ్లీ 36 రౌండ్లు. కాబట్టి పెంచితే ఒకేసారి రెండు పెంచాలి. ఇప్పటి రెండు కాన్ఫరెన్స్‌ల పద్ధతిలో 32 అంటే సొంతవాళ్లతో 30, అవతలివాళ్లతో 4. ఆ ఐదేళ్ల ఎదురుచూపు ఎనిమిదేళ్లవుతుంది. అందుకే కాన్ఫరెన్స్‌లు వదిలేసి చిన్న గుంపులు కట్టడం మేలు. 30 జట్లను ఆరేసి చొప్పున ఐదు గుంపులు చేస్తే, గుంపులో ఐదుగురితో రెండేసి 10, మిగతా 24 మందితో ఒక్కోటి, మొత్తం 34. 32 జట్లను నాలుగేసి చొప్పున ఎనిమిది గుంపులు చేస్తే 6, 28 కలిపి మళ్లీ 34. రెండు పద్ధతుల్లోనూ ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఏటా ఒక్కసారైనా ఆడుతుంది. రెండోదాంట్లో ఇంటా బయటా ఎదురయ్యే పక్కూరి ప్రత్యర్థులు ముగ్గురే మిగులుతారు. గుంపులు గీసేటప్పుడు ఎవరిని ఎవరితో విడదీయాలన్న దగ్గరే క్లబ్బులు కొట్టుకుంటాయి.