సాంబారులో ఉప్పు, అగస్టీను

మా సంఘంలో కోతపండుగనాడు ఆరాధన ముగిశాక ప్రేమవిందు జరుగుతుంది. ఈసారి ఆ రెండింటికీ మధ్య పదిహేను నిమిషాలు "దేవుని మంచితనం" గురించి మాట్లాడమని అయ్యగారు నన్ను కోరారు. వంట దగ్గర నిలబడే మనిషి లేడని ఆ పని కూడా నాకే ఒప్పగించారు. ఈ రెండూ ఒకే మనిషికి ఇవ్వదగిన పనులు కావని అప్పటికి ఎవరికీ తోచలేదు.

వంటమేస్త్రి మాంసం కూర వైపు వెళుతూ, "సార్, సాంబారు బాగా మరిగాక ఈ ఉప్పు వేసి కలపండి" అని ఒక గిన్నె నా చేతికిచ్చాడు. నేను దానిని నా కాగితాలు గాలికి ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకొని చదువులో మునిగిపోయాను. మధ్యయుగపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ 1273లో అసంపూర్తిగా వదిలేసిన సుమ్మా థియోలాజియే అనే వేదాంత గ్రంథంలో మొదటి భాగం, ఆరవ ప్రశ్న పూర్తిగా దేవుని మంచితనం గురించే. సృష్టిలోని ప్రతి వస్తువుకూ ఉండడం వేరు, మంచిగా ఉండడం వేరు. దేవునిలో మాత్రం ఈ రెండూ ఒకటే, ఆయన మంచితనం బయటినుంచి వచ్చి చేరినది కాదు అని అక్కడ ఆయన తేలుస్తాడు. దీనికి ఇంటిపట్టున దొరికే ఉదాహరణ ఏదైనా ఉంటే బాగుండునని నేను చాలాసేపు ఆలోచించాను. ఉదాహరణ నా కళ్లెదుటే గంగాళంలో మరుగుతున్నది. ఇంతలో గంట మోగితే గిన్నెను ఎవరి కాలికీ తగలకుండా బల్ల కిందికి తోసి, కాగితాలు తీసుకొని లోపలికి వెళ్లాను.

ప్రసంగం బాగానే సాగిందని ఇప్పటికీ నా అభిప్రాయం. అక్వినాస్‌కు ఎంతో ముందటి క్రైస్తవ వేదాంతి అగస్టీను యౌవనంలో తొమ్మిదేళ్లు, మానీ అనే ప్రవక్త స్థాపించిన మతంలో ఉండి, చీకటి కూడా వెలుగులాగా ఒక పదార్థమే అని నమ్మి, తరువాత ఆ నమ్మకాన్ని వదిలి, చెడుగు అనేది వస్తువే కాదు, ఉండవలసిన మంచి లేకపోవడమే అన్నాడని చెప్పాను. గాయం మానినప్పుడు అది లేచి మరో చోటికి పోదు, లేకుండా పోతుంది అన్న ఆయన పోలిక కూడా చెప్పాను. రాతికి చూపు లేకపోతే లోపం కాదు, మనిషికి లేకపోతేనే లోపం అన్నాను. అందరూ తలలు ఊపారు. కిటికీలోంచి వస్తున్న మసాలా వాసనకు కూడా అందులో వాటా ఉండవచ్చు.

వడ్డన బల్లల పైన, "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" అనే కీర్తన వాక్యాన్ని గుడ్డ మీద రాయించి కట్టించినది కూడా నేనే. సరిగ్గా దాని కింద కూర్చున్న మామ్మగారు మొదటి ముద్ద నోట పెట్టుకొని ఆగిపోయారు.

"నాయనా, ఇందులో ఉప్పు లేదు. లేకపోవడమనేది వస్తువు కాదన్నావు గదా, మరి నా నాలుకకు తగులుతున్నదేమిటి?"

"మామ్మగారూ, పాయసంలో ఉప్పు లేకపోతే ఎవరికీ తెలియదు. సాంబారులో ఉండవలసినది గనుక అది లేకపోవడం మీకు తెలుస్తున్నది."

"తెలుస్తూనే ఉంది గాని, పోయి ఉప్పు తీసుకురా."

నేను బల్ల కింద గిన్నె వెతికి తెచ్చి కుమ్మరించాను. ఈలోగా ఎవరో చెప్పగా వంటమేస్త్రి తన లెక్క ప్రకారం తాను వేశాడు. మా ఇద్దరి మీదా నమ్మకం లేని సంఘపెద్ద మరో రెండు గుప్పిళ్లు వేశారు. చప్పదనం ఎక్కడికీ పోలేదు, అగస్టీను చెప్పినట్టే లేకుండా పోయింది. మామ్మగారు మళ్లీ రుచి చూసి, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఇప్పుడు లేనిదేమిటి నాయనా? అన్నీ ఉన్నాయి, ఉప్పు మూడింతలుంది."

వేదాంతులు జడిసే ఆక్షేపణ ఇదే. కొలత, రూపం, క్రమం అనే మూడూ ఉంటేనే ఏదైనా మంచిదవుతుందని, ఎక్కువైనప్పుడు కూడా లోపించేది తగిన కొలతేనని అగస్టీను వైపు నుంచి జవాబు చెప్పాను.

"పాళం తప్పిందని చెప్పరాదా" అన్నారామె. లాటిను పండితులు మూడు మాటల్లో చెప్పినదాన్ని తెలుగు వంటింట్లో ఒక్క మాటతో సరిపెడతారని నాకు అప్పుడే తెలిసింది.

వంటమేస్త్రి వేడినీళ్లు, ఉడికిన పప్పు కలిపి గంగాళాన్ని కొంతవరకు దారికి తెచ్చాడు గాని అప్పటికి చాలామంది పెరుగన్నంలోకి వచ్చేశారు. నన్ను మంచినీళ్లు పోసే పనికి మార్చారు. వందనాలు చెప్పి బయలుదేరుతూ మామ్మగారు ఒకసారి తలెత్తి గుడ్డ మీది వాక్యం చదివారు.

"వాక్యం మంచిదే నాయనా, మాంసం కూర వైపు కట్టించవలసింది."